ఆర్మగెడాన్, డీప్ ఇంపాక్ట్: ఏది మేలు?

1998లో హాలీవుడ్ రెండు నెలల తేడాలో రెండుసార్లు భూమిని అంతం చేయబోయింది. మేలో మిమీ లెడర్ ‘డీప్ ఇంపాక్ట్’, జులైలో మైకేల్ బే ‘ఆర్మగెడాన్’. వసూళ్లలో రెండోదే గెలిచింది. దానికి ప్రపంచవ్యాప్తంగా దాదాపు 55 కోట్ల డాలర్లు వస్తే, మొదటిదానికి 35 కోట్ల దాకా వచ్చాయి. నా ఓటు మాత్రం ఓడినదానికే.

సైన్స్ సంగతి త్వరగా తేల్చేద్దాం. ఆర్మగెడాన్‌లో టెక్సాస్ రాష్ట్రమంత గ్రహశకలం ఢీకొట్టడానికి 18 రోజుల ముందు కనబడుతుంది. అంతకంటే చిన్నదైన సెరెస్ అనే మరుగుజ్జు గ్రహాన్ని 1801లోనే కనిపెట్టేశారు! పైగా దాన్ని ఒక్క అణుబాంబుతో రెండు ముక్కలు చేస్తారట. డీప్ ఇంపాక్ట్ తోకచుక్క వెడల్పు సుమారు 11 కిలోమీటర్లు, అంటే డైనోసార్లను తుడిచిపెట్టిన దానికి దగ్గరి సైజు. ఇక్కడా బాంబులు పెడతారు, కానీ అది రెండు ముక్కలై రెండూ భూమి మీదికే వస్తాయి. పేల్చినంత మాత్రాన గండం గడవదని ఈ సినిమాకు తెలుసు.

అసలు తేడా నేల మీద ఉంది. ఆర్మగెడాన్‌లో పారిస్ ఒక్క షాట్‌లో బూడిదవుతుంది, మనం వెంటనే బాంబు పెట్టడానికి గ్రహశకలం మీద హీరో బ్రూస్ విల్లిస్ చేసే డ్రిల్లింగ్ దగ్గరికి వెళ్లిపోతాం. డీప్ ఇంపాక్ట్‌లో తలదాచుకోవడానికి అమెరికాలోని మిస్సోరీ గుహల్లో పది లక్షల మందికే చోటు. శాస్త్రవేత్తలు, డాక్టర్లు వగైరా రెండు లక్షల మందిని ముందే ఎంచుకుంటారు, మిగతా ఎనిమిది లక్షలు లాటరీ. యాభై దాటినవాళ్లకు ఆ లాటరీ కూడా లేదు. ఇది విన్నాక ఇంట్లో అమ్మానాన్నల వయసు లెక్కేసుకోనివాళ్లు ఉంటారా? ప్రేమించిన అమ్మాయికీ ఆమె ఇంటివాళ్లకూ చోటు దొరుకుతుందని ఓ కుర్రాడు ఆమెను హడావుడిగా పెళ్లి చేసుకుంటాడు. తీరా ఆమె తల్లిదండ్రుల పేర్లు జాబితాలో ఉండవు. అధ్యక్షుడిగా మోర్గాన్ ఫ్రీమన్ ఈ చేదు నిజాలన్నీ గొంతు పెంచకుండా చెబుతుంటే టెన్షన్ ఇంకా పెరుగుతుంది.

డీప్ ఇంపాక్ట్‌లో లోపాలు లేవని కాదు. కథలోని విలేకరి, ఆమె తండ్రి మధ్య గొడవ సాగదీశారు. తోకచుక్క ముక్క పడి లేచే సునామీ కోసం దాదాపు చివరిదాకా ఆగాలి. ఆర్మగెడాన్‌లో బోర్ అన్న మాటే లేదు, జోకులూ పేలుళ్లూ కన్నీళ్లూ వరసగా వస్తూనే ఉంటాయి. పిల్లలతో, బంధువులతో ఇల్లు నిండి ఉన్నరోజు అదే పెట్టండి.

రెండూ చూడాలనుకుంటే ముందు ఆర్మగెడాన్ కానివ్వండి. డీప్ ఇంపాక్ట్ చూశాక ఆ గోల భరించడం కష్టం.