ఏజెంటుకు ఎంసీపీ టూల్స్: ‘బస్తా అంటే 80 కేజీలు’ అని రాయనందుకు ఏమైందంటే

ఎంసీపీ (మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్) అంటే ఏఐ ఏజెంటు, అంటే మన తరఫున పనులు చేసే ఏఐ ప్రోగ్రాం, బయటి ప్రోగ్రాంలను వాడుకోడానికి ఉన్న ఉమ్మడి పద్ధతి. అలా దాని చేతికిచ్చే ఒక్కో పనికీ టూల్ అని పేరు. అంతకు మించి మళ్లీ చెప్పను. 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసినప్పటి నుంచీ దాని గురించి బోలెడంత రాశారు. నేను చెప్పేదల్లా అందులోని ఒక్క గడి గురించి. ప్రతి టూల్ పేరు కింద ఉండే డిస్క్రిప్షన్, అంటే వివరణ. మన ప్రోగ్రాం లోపల ఏముందో ఏజెంటుకు తెలీదు. టూల్ పేరు, ఈ వివరణ, ఏ విలువలు ఇవ్వాలో చెప్పే స్కీమా, ప్రధానంగా ఇవే దాని చేతికొస్తాయి. ఈ టూల్స్ రాయడానికి వాడే పైథాన్ కిట్ (ఎస్‌డీకే)లో అయితే ఫంక్షన్ మొదట్లో రాసే డాక్‌స్ట్రింగే వివరణగా వెళ్తుంది. నేను దాన్ని మొక్కుబడిగా నింపాను. ఆ తప్పు వేరే మనిషి నెత్తిన పడింది.

పలాసలో మావయ్యకు చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. స్టాకు లెక్కల ప్రోగ్రాం నేనే రాశాను, ఏడాది కిందట దానికి ఎనిమిది టూల్స్ పెట్టి ఏజెంటుకు తగిలించాను. చీటీ ఫొటో పెడితే చదివి స్టాకు ఎక్కించేస్తుంది. మొదటి నెలంతా నాకు ఒకటే సంబరం. ‘ఒక్కసారి అప్పజెప్తే చాలు, తప్పు చెయ్యదు’ అని కాశీబుగ్గలో తెలిసినవాళ్లందరికీ చెప్పాను. ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా అనలేను. ఆ నెలంతా వచ్చినవి కాటా చీటీలు. వాటి మీద కేజీలు అచ్చై ఉంటాయి.

ఏప్రిల్‌లో ఉద్దానం (మా పక్కనే ఉన్న జీడితోటల ప్రాంతం) పిక్కలు, అంటే పెంకుతో ఉన్న జీడిగింజలు, దిగడం మొదలైంది. బళ్లు వరస కట్టేసరికి కలాసీల మేస్త్రి బస్తాలు లెక్కపెట్టి, చేత్తో చీటీ రాసిచ్చాడు. నాలుగు రోజుల్లో 112 బస్తాలు. అయిదో రోజు మావయ్య కంప్యూటర్లో చూస్తే స్టాకు 5,600 కేజీలు. ఎనభైతో భాగిస్తే 70 బస్తాలు. చీటీలేమో 112 అంటున్నాయి. అంటే 42 బస్తాలు గోడౌన్ చేరకుండానే ఎటో పోయాయని మావయ్య అనుకున్నాడు. అందరి ముందూ మేస్త్రినే అడిగేశాడు.

“ఇరవయ్యేళ్ల నుంచీ తాళం నాకాడే ఉంది బాబూ. ఒక్క పిక్క పోనాదేటి?” అన్నాడతను. మావయ్యను కాదు, నన్ను చూసి అన్నాడు. కంప్యూటర్ పెట్టింది నేను కదా.

గోడౌన్‌కి వెళ్లి లెక్కపెడితే 112 బస్తాలూ ఉన్నాయి. ఆ రాత్రి ఏజెంటు ఏమేం పంపిందో నమోదయ్యే లాగ్ తీశాను. 40 బస్తాల చీటీకి ఏజెంటు 2,000 అని పంపింది. 25 బస్తాలకు 1,250. ప్రతి చోటా యాభైతో గుణించింది. స్టాకు టూల్ కింద నేను రాసిన వివరణ మొత్తం ఇంతే: ‘స్టాకు చేరుస్తుంది’. విలువ పేరు ‘క్వాంటిటీ’. కేజీలా, బస్తాలా అన్నది ఎక్కడా లేదు. ముందరి ఎంట్రీలు చూసి కేజీలని పట్టుకుంది, అంతవరకూ మెచ్చుకోవాలి. బస్తా అంటే మాత్రం సిమెంటు బస్తాలా యాభై అనుకుంది. పిక్కల బస్తా అంటే 80 కేజీలని పలాసలో బడి పిల్లలకీ తెలుసు. అందరికీ తెలుసు కాబట్టే నేనెక్కడా రాయలేదు.

పొద్దున్నే మావయ్య, నేను మేస్త్రి ఇంటికి వెళ్లాం. అతను మంచి మనిషి, టీ ఇచ్చాడు.

ఆ వారంలో వివరణలన్నీ తిరగరాశాను. స్టాకు టూల్‌లో విలువ పేరే ‘క్వాంటిటీ కేజీ’ అని మార్చి, కింద ఇలా రాశాను: ‘పచ్చి పిక్కలు గోడౌన్‌లోకి వచ్చినప్పుడే వాడాలి. అంకె ఎప్పుడూ కేజీల్లో. ఒక బస్తా 80 కేజీలు. చీటీలో కొలత లేకపోతే ఊహించకూడదు, అడగాలి.’ పప్పు గ్రేడు టూల్ కింద ఇంకో వాక్యం: డబ్ల్యూ-320 అంటే పౌనుకు సుమారు 300 నుంచి 320 పప్పులు, కాబట్టి అంకె పెరిగితే పప్పు సైజు తగ్గుతుంది. అది రాయకముందు ‘320 కంటే పెద్ద సరుకు ఎంతుంది’ అంటే డబ్ల్యూ-400 చూపించేది. రాశాక 240, 210 చూపిస్తోంది. తప్పు విలువ వస్తే ‘ఎర్రర్’ అని ఊరుకోకుండా ‘తేదీ భవిష్యత్తులో ఉంది, చీటీ మీది తేదీ ఇవ్వండి’ అని తిరిగి చెప్పేలా కూడా చేశాను. ఇదివరకు అదే తప్పు మూడుసార్లు పంపేది, ఇప్పుడు రెండోసారికే దిద్దుకుంటోంది.

నేను అనుకోని మేలు ఇంకోటి జరిగింది. కొత్తగా చేరిన గుమస్తా అమ్మాయికి ఈ వివరణలే అచ్చు తీసి ఇచ్చాను. రెండు రోజుల్లో పని పట్టేసింది. ఇన్నేళ్లలో మా ఫ్యాక్టరీలో ఎవరూ ఇవన్నీ ఒక కాగితం మీద పెట్టలేదు.

ఇబ్బందులు లేవనను. ‘ఊహించకూడదు’ అన్నాక కొన్నాళ్లు ప్రతి చీటీకీ ప్రశ్న వేసింది. సీజన్లో రోజుకు ముప్పై చీటీలొస్తే అది విసుగే. ఉత్సాహం కొద్దీ టూల్స్ పంతొమ్మిదికి పెంచితే ‘స్టాకు చేర్చు’, ‘స్టాకు సవరించు’ రెంటికీ తేడా తెలియక తడబడింది, మళ్లీ పదకొండుకు దించాను. ఎంట్రీ చెరిపే టూల్‌కి ‘ఇది చెరిపేస్తుంది’ అన్న గుర్తు పెట్టే వీలుంది గానీ అది సూచన మాత్రమే. ఆపి అడగడం మనం వాడే యాప్ చేతిలో ఉంటుంది. అందుకే ఆ ఒక్కటీ మనిషి ఒప్పుకుంటేనే జరిగేలా కట్టాను.

మాది చిన్న వ్యవహారం. ప్రోగ్రాం నాదే, వివరణ మార్చాలంటే ఎవర్నీ అడగక్కర్లేదు. ప్రోగ్రాం బయట కొన్నవాళ్లకు, ఆ వివరణలు ముట్టుకునే వీల్లేనివాళ్లకు, ఇది తీసుకోండని ధైర్యంగా చెప్పలేను. నాకైతే వదులుకునే ఆలోచన లేదు. డబ్బా లెక్క ఇంకా మిగిలి ఉంది. ఇక్కడి అమ్మకానికి డబ్బా 10 కేజీలు, ఎగుమతి డబ్బా 25 పౌన్లు, అంటే 11.34 కేజీలు. వివరణలో మాత్రం ఇప్పటికీ ఉత్త ‘డబ్బా’ అనే ఉంది. ఈ ఆదివారం దాని పని పట్టాలి.