ఆరేళ్లుగా వాడుతున్న జామెట్రీ బాక్సు: నా అనుభవం

ఇంటి దగ్గర తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతూ ఆరేళ్లుగా ఒకే జామెట్రీ బాక్సును వాడుతున్నాను. అందులోని ఏ పరికరం ఏ లెక్కలో అక్కరకు వచ్చిందో రాస్తున్నాను.

అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చినవి, చాలామంది పిల్లలు పెట్టెలోంచి బయటికే తీయని మూలమట్టాలు (సెట్ స్క్వేర్లు). 30, 60, 90 డిగ్రీల మూలమట్టం చుట్టూ పెన్సిలుతో గీయించి భుజాలను కొలవమంటాను. మా దానిలో కర్ణం 12 సెంటీమీటర్లు, చిన్న భుజం 6, మూడోది సుమారు 10.4. 30 డిగ్రీల కోణానికి ఎదుటి భుజమైన ఆరును కర్ణమైన పన్నెండుతో భాగిస్తే వచ్చే సగమే సైన్ 30, 10.4ను ఆరుతో భాగిస్తే వచ్చే 1.73 టాన్ 60, అంటే వర్గమూలం 3. త్రికోణమితి పట్టికను బట్టీపట్టి సైన్‌ను, కాస్‌ను తారుమారు చేసే పిల్లలు ఇలా చేతితో కొలిచాక ఎదుటి భుజమేదో, కోణాన్ని ఆనుకున్న ఆసన్న భుజమేదో తడుముకోకుండా చెప్పడం ఏటా చూస్తున్నాను.

కోణమానినికి (ప్రొట్రాక్టర్‌కు) దారంతో చిన్న రాయి కట్టి కొబ్బరిచెట్టు ఎత్తు కూడా కొలిచాం. కంటి మట్టం నుంచి పది మీటర్ల ఎత్తున్న చెట్టును 45 డిగ్రీల ఊర్ధ్వకోణంలో చూస్తే ఒక డిగ్రీ పొరపాటుకు ఎత్తులో 35 సెంటీమీటర్ల తేడా వస్తుంది. మొదలు దగ్గరే నిలబడి 75 డిగ్రీల్లో చూస్తే అదే పొరపాటుకు సుమారు 70 సెంటీమీటర్లు తేడా వస్తుంది. అందుకే కోణం 45కు వచ్చేదాకా వెనక్కి నడవమంటాను. రెండో ఏడాదికే కోణమానిని అంకెలు చెరిగిపోవడం మాత్రం నన్ను బాధపెట్టింది. పైగా పిల్లలు సున్నా గీతకు బదులు ప్లాస్టిక్ అంచునే భుజం మీద పెడతారు. ఆ అలవాటు మాన్పించడానికి ప్రతి ఏడాదీ కొన్ని రోజులు పడుతుంది.

వృత్తలేఖిని (కంపాస్) ఈ పెట్టెలో బలహీనమైన భాగం. మర వదులైతే గీసిన వృత్తం మొదలైన చోట కలవదు, కోణ సమద్విఖండన రేఖ పక్కకు జరుగుతుంది. నెలకోసారి మర బిగించుకోక తప్పడం లేదు. విభాగినితో (డివైడర్‌తో) పెద్దగా పని పడలేదు.

బీజగణితానికి పెట్టె ఎందుకని అడిగేవారికి ఒక లెక్క చెబుతాను. లంబకోణ త్రిభుజంలో కర్ణం 13, మిగతా రెండు భుజాల తేడా 7 అయితే, చిన్న భుజాన్ని ఎక్స్ అనుకుంటే ఎక్స్ వర్గం కూడిక 7 ఎక్స్ సమానం 60 అనే వర్గ సమీకరణం వస్తుంది. మూలాలు 5, మైనస్ 12. రుణ మూలాన్ని ఎందుకు వదిలేయాలని పిల్లలు అడిగినప్పుడు, భుజం పొడవు రుణంగా ఉండదని చెప్పి, మూలమట్టంతో 5, 12 సెంటీమీటర్ల భుజాలను గీయించి కర్ణాన్ని స్కేలుతో కొలిపిస్తాను.