నడుం నొప్పితో మూడేళ్లు వాడిన ఊయల కుర్చీ

నాకు 54 ఏళ్లు. నడుములో ఎల్4, ఎల్5 వెన్నుపూసల మధ్య డిస్క్ జారి ఏడేళ్లయింది. అయినా కొండల్లో గుడారం వేసుకొని ఒకటి రెండు రాత్రులు గడిపే అలవాటును వదులుకోలేక, చెట్టుకు వేలాడదీసుకునే తేలికపాటి ఊయల కుర్చీ ఒకటి మూడేళ్ల కిందట కొన్నాను. అనంతగిరికి, మారేడుమిల్లికి, లంబసింగికి, అరకుకు దానిని వీపుసంచిలో మోసుకుపోయి, నలభై రాత్రులకు పైగా వాడిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను.

పలుచని నైలాన్ గుడ్డ, ఆ గుడ్డ ముడుచుకుపోకుండా పైన విప్పి పట్టే అల్యూమినియం కడ్డీ, రెండు కారబైనర్లు (స్ప్రింగు మూతతో మూసుకునే లోహపు కొక్కేలు), చెట్టుకు చుట్టే రెండు పట్టీలు ఇందులో ఉంటాయి. వంటింటి కాటా మీద తూచితే అన్నీ కలిపి 1.4 కిలోలు తూగాయి.

అంతకుముందు నా దగ్గర సన్నని గొట్టాలు మడిచి సంచిలో పెట్టుకునే కుర్చీ ఉండేది. అది ఒక కిలోకు మించదు కానీ, కూర్చునే చోటు నేలకు 32 సెంటీమీటర్ల ఎత్తులోనే ఉండేది. మన భోజనాల బల్ల దగ్గరి కుర్చీ దాదాపు 45 సెంటీమీటర్లుంటుంది. అంత కిందికి కూర్చుంటే మోకాళ్లు తుంటి కంటే పైకి వస్తాయి; లేవాలంటే ఒళ్లంతా ముందుకు వంచి ఒక్క ఊపున లేవాలి. ఫిజియోథెరపిస్టు నన్ను చేయవద్దన్న కదలిక సరిగ్గా అదే. పైగా వాన తడిసిన నేలలో దాని సన్నని కాళ్లు దిగబడి కుర్చీ ఒక పక్కకు ఒరిగేది. వేలాడే కుర్చీని మనకు కావలసిన ఎత్తులో కట్టుకోవచ్చు. నేను కూర్చున్నప్పుడు దాని అంచు 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేట్టు చూసుకుంటాను. గుడ్డా పట్టీలూ బరువుకు సాగుతాయి కనుక ఖాళీగా ఉన్నప్పుడు అది 60 దాకా ఉండాలి.

కూర్చున్నంతసేపూ సుఖంగా ఉంటుందనడంలో సందేహం లేదు. 1960లలో స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్సన్ మనుషుల వెన్నులోని డిస్క్‌లపై పడే ఒత్తిడిని నేరుగా కొలిచి, ఆనుడు లేకుండా నిటారుగా కూర్చున్నప్పుడు అది నిలబడినప్పటి కంటే ఎక్కువగా ఉంటుందని, వెనక్కి వాలి వీపును ఆనించినప్పుడు తగ్గుతుందని చూపాడు. ఊయల కుర్చీలో వాలినప్పుడు నాకు కలిగే ఉపశమనం అలాంటిదేననిపిస్తుంది. అయితే గుడ్డకు తనకంటూ ఆకారం లేదు. మన ఇళ్లలోని పాత పడక కుర్చీలాగే ఇది కూడా నడుమును గుండ్రంగా వంచేస్తుంది. అందుకని తువ్వాలును చుట్టగా చుట్టి నడుము వంపులో పెట్టుకుంటాను; అది లేకుండా పావుగంట కూడా కూర్చోను. మొదటి ప్రయాణంలో సుఖంగా ఉంది కదా అని రెండు గంటలు కదలకుండా కూర్చుంటే, గుడ్డ అంచు తొడల కింద ఒత్తుకొని ఎడమ కాలు పాదం దాకా తిమ్మిరెక్కింది. అప్పటి నుంచి అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేస్తున్నాను.

అసలు పరీక్ష లేవడంలోనే ఉంది, కొనేటప్పుడు నేను దాని గురించి ఆలోచించనే లేదు. దీనికి చేతులు ఆనించుకునే కొయ్యలు లేవు, నేలకు ఆనే కాళ్లు లేవు. పాదాలు నేలకు తన్ని లేవబోతే కుర్చీ వెనక్కి పోతుంది, మనిషి ముందుకు తూలుతాడు. మొదటి నెలలో రెండుసార్లు మోకాళ్ల మీద పడ్డాను. చివరికి కుదిరిన ఉపాయం ఇది: మిగిలిన పట్టీని అదే కొమ్మకు, కుర్చీకి ఒక మూర ముందుగా వేలాడదీసి, ఛాతీ ఎత్తులో ఉచ్చులా ముడి వేస్తాను. అంచు దాకా జరిగి, పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనించి, ఆ ఉచ్చును రెండు చేతులతో పట్టుకొని లేస్తే బరువులో కొంత చేతుల మీదికి పోతుంది, నడుము వంగదు. వీలైతే మానుకు దగ్గరగా కడతాను. కుర్చీ వెనక్కి జరిగినా మాను ఆపుతుంది.

చెట్టును ఎంచుకోవడంలో తొందర పనికిరాదు. పచ్చిగా ఉండి, తొడంత లావున్న చింత కొమ్మ లేదా మామిడి కొమ్మ దొరికితే నిశ్చింతగా ఉంటుంది. అరకు కాఫీ తోటల్లో నీడ కోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్ల కొమ్మలు పెళుసు కనుక అక్కడ రెండు మానుల మధ్య తాడు కట్టి మధ్యలో వేలాడదీయాలి. మానులకు మిరియాల తీగ పాకి ఉంటుంది, తోటవారిని అడిగి తీగ లేని చోటే కట్టాలి. తాడు ఎంత బిగిస్తే అంత భద్రమని మొదట అనుకున్నాను. లెక్క దానికి విరుద్ధంగా ఉంటుంది. తాడు రెండు వైపులా 30 డిగ్రీల వాలులో ఉంటే నా 72 కిలోల బరువుకు ఒక్కో వైపు 72 కిలోల లాగుడే పడుతుంది; బిగించి వాలును 10 డిగ్రీలకు తగ్గిస్తే అది 200 కిలోలు దాటుతుంది. కాబట్టి తాడును ఎత్తులో కట్టి, వదులుగా వేలాడనివ్వాలి.

దీనితో వచ్చిన పట్టీలు నైలాన్‌వి. లంబసింగిలో ఒక రాత్రి మంచుకు తడిసి, తెల్లారి కూర్చునేసరికి కుర్చీ నాలుగు వేళ్ల మేర కిందికి దిగింది. నడుం నొప్పి ఉన్నవారికి ఆ నాలుగు వేళ్లు చిన్న తేడా కాదు. తడికి అంతగా సాగని పాలిస్టర్ పట్టీలు, వేలెడు వెడల్పువి, వేరుగా కొన్నాను. వెడల్పు పట్టీ చెట్టు బెరడునూ కోయదు. రెండో ఏడు గుడ్డ మూల దగ్గర కుట్టు విడింది. బ్యాగులు బాగుచేసే ఆయన లోపల మరో పొర వేసి కుట్టిచ్చాక మళ్లీ ఊడలేదు. ఎండలో వదిలేస్తే నైలాన్ బలం తగ్గిపోతుంది కనుక వాడనప్పుడు సంచిలోనే ఉంచుతాను, ప్రతిసారీ కూర్చునే ముందు కుట్లన్నీ వేలితో తడిమి చూస్తాను.

మా అక్కయ్యకు 61 ఏళ్లు, ఒక మోకాలికి కీలు మార్పిడి జరిగింది. ఈ కుర్చీలో ఆమెను రెండుసార్లు కూర్చోబెట్టాను. ఉచ్చు పట్టుకున్నా, నేను వెనక నుంచి కుర్చీని పట్టుకున్నా, కదిలే కుర్చీలోంచి లేవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు, ఆ భయం న్యాయమైనదే. మోకాళ్లు, తుంటి బలహీనంగా ఉన్నవారికి, నిలబడ్డాక తూలేవారికి దీనిని కొనిపెట్టవద్దని చెబుతాను. ఆమె కోసం గట్టి చేతులున్న మడత కుర్చీ కారులో తీసుకెళుతున్నాను. అది మూడున్నర కిలోలుంటుంది, కాబట్టి కారు ఆగిన చోటే మా గుడారం. రెండు చేతులా అదిమి లేవగలిగేంత గట్టిగా ఉండి, వీపున మోయగలిగేంత తేలికగా ఉండే కుర్చీ కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాను.