ఎర్రజుట్టు బొమ్మ చేతికి తుపాకి వచ్చింది

కాలిఫోర్నియాలోని ఆనహైమ్ డిస్నీల్యాండ్‌కి నేను రెండుసార్లు వెళ్ళాను, 2016లో ఒకసారి, 2025లో ఒకసారి. రెండుసార్లూ అమ్మాయి వాళ్ళింట్లో ఉన్నప్పుడే. తిప్పేవీ, ఎగరేసేవీ నాకు పడవు. అందుకని ఈ రివ్యూ ముఖ్యంగా పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్ అనే పడవ రైడ్ గురించి. ఎక్కి కూర్చుంటే పావుగంట సేపు అదే తీసుకెళ్తుంది. చీకట్లో రెండుచోట్ల జర్రున కిందికి జారుతుంది. గుండె ఒక్కసారి గొంతులోకొచ్చి మళ్ళీ దాని చోటికి పోతుంది, అంతే.

మొదట్లో చిత్తడి నేల, మిణుగురులు, గుడిసె ముందు ఊగుడు కుర్చీలో ముసలాయన బొమ్మ. ఆ ముసలాయన్ను చూడ్డానికే ఇంకోసారి ఎక్కొచ్చు. ఆ తర్వాత సముద్రపు దొంగలు ఊరి మీద పడి దోచుకోవడం, ఊరిపెద్దను తాడు కట్టి నూతిలో ముంచడం, ఇళ్ళు తగలబెట్టడం, తాగి పందుల పక్కన దొర్లడం. అన్నీ కదిలే బొమ్మలే.

2016లో నూతి దాటగానే వేలంపాట వచ్చేది. వేలం వేస్తున్నది ఊళ్ళోని ఆడవాళ్ళని. "పెళ్ళాం కావాలంటే రండి" అనే అర్థంలో పైన ఒక బ్యానరు. చేతులు కట్టేసి వరసగా నిలబెట్టిన ఆడబొమ్మలు, ఒకామె ఏడుస్తూ. వాళ్ళ పక్కన ఎర్ర గౌనులో ఒయ్యారంగా నిలబడ్డ ఎర్రజుట్టు పిల్ల. తాగిన దొంగలందరూ ఆ పిల్లే కావాలని అరిచేవాళ్ళు. పడవలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. పక్కన నాలుగేళ్ళ మనవరాలు నా కొంగు లాగి, "అవ్వా, వాళ్ళకి తాడెందుకు కట్టారు?" అంది. "ఆడుకుంటున్నార్లే" అన్నాను. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, నాలుగేళ్ళ పిల్లకి సమాధానం చెప్పలేక అబద్ధమాడాను.

2018లో ఆ సీను మార్చేశారు. అప్పుడు చాలామంది గోల చేశారట. ఈ రైడ్ 1967 మార్చిలో మొదలైంది, అంతకు మూడు నెలల ముందే వాల్ట్ డిస్నీ పోయారు. ఆయన దగ్గరుండి చేయించినవాటిలో ఇదే చివరిది కాబట్టి చెయ్యి పెట్టకూడదని వాళ్ళ వాదన. ఇదేమన్నా మూలవిరాట్టా? 1997లోనే ఒకసారి మార్చారు. అంతకుముందు దొంగలు ఆడవాళ్ళ వెంట పడే సీనులో, ఆ ఆడవాళ్ళ చేతుల్లో తిండి పళ్ళేలు పెట్టి, దొంగలు తిండి కోసమే పరిగెడుతున్నట్టు చేశారు. 2006లో, ఈ రైడ్ పేరుతోనే వచ్చిన సినిమాలోని సముద్రపు దొంగ జాక్ స్పారో బొమ్మను తెచ్చి పెట్టారు. అప్పుడు పోని పవిత్రత ఇప్పుడే పోయిందా?

ఇప్పుడు అదే ఎర్రజుట్టు పిల్ల దొంగల ముఠాలో మనిషి. పేరు రెడ్. చేతిలో తుపాకి. ఊరివాళ్ళు తమ సామాన్లు తెచ్చి వరసలో నిలబడితే వాటిని వేలం వేస్తారు. ఒకావిడ కోళ్ళు పట్టుకుని నిలబడింది. దొంగలు ఇప్పుడు రమ్ కావాలని అరుస్తున్నారు. నాకు నచ్చిందేమిటంటే, సీను ఎత్తేసి అక్కడ పూలకుండీలు పెట్టలేదు. గోల అలాగే ఉంది, తాగుబోతులు అలాగే ఉన్నారు, ఆ పిల్ల ఒయ్యారమూ అలాగే ఉంది. మనం దేన్ని చూసి నవ్వుతున్నామో అది మాత్రం మారింది.

మాది ధర్మవరం దగ్గర పల్లె. చిన్నప్పుడు తోలుబొమ్మలాట తెల్లవారేదాకా చూసేవాళ్ళం. నడిరాత్రి దాటాక కేతిగాడు, బంగారక్క వచ్చి ఆడే మాటలకు ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళు. నేను టీచరయ్యాక అదే ఆట మా బడిలో ఆడించాం. ఆ మాటల్లో ఒక్కటీ వినపడలేదు. కానీ బంగారక్క కేతిగాణ్ణి చీపురుతో బాదుతుంటే పిల్లలు బెంచీలెక్కి నవ్వారు. ఏ ఊళ్ళో ఏది ఆడాలో బొమ్మలాడించేవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు.

మనవరాలు బలవంతం చేస్తే టియానాస్ బయూ అడ్వెంచర్ అనే రైడ్ కూడా ఎక్కాను. ఇంతకుముందు ఇదే స్ప్లాష్ మౌంటెన్. బానిసత్వం పోయాక కూడా తోటల్లో నల్లవాళ్ళ బతుకు హాయిగా ఉన్నట్టు చూపించిన 1946 నాటి సినిమా మీద కట్టింది. ఆ సినిమాను డిస్నీ అమెరికాలో వీడియోగా ఎప్పుడూ అమ్మలేదు, రైడ్‌ను మాత్రం 1989 నుంచి 2023 దాకా నడిపింది! ఇప్పుడు కథ న్యూ ఆర్లీన్స్ పిల్ల టియానాది. డిస్నీ రాకుమార్తెల్లో మొదటి నల్లపిల్ల ఆమె. బొమ్మ ముఖం కదలికలు చూస్తే మనిషే అనిపిస్తుంది. కాకపోతే కథ మరీ మెత్తన. పండగ పార్టీకి పాడేవాళ్ళు కావాలని వెతుక్కుంటూ వెళ్తాం. విలన్ లేడు. పాత రైడ్‌లో కుందేలును తినడానికి నక్క కాచుకుని ఉండేది కాబట్టి చివర్లో పడేటప్పుడు దానికో కారణం ఉండేదని మా అల్లుడంటాడు. నిజమే మరి, రావణుడు లేకుండా యుద్ధకాండ ఎలా? మంచిగా మార్చాలన్న భయంలో కారం మర్చిపోయారు. అయినా యాభై అడుగులు కిందికి పడేటప్పుడు నాకు ఏ కథా గుర్తులేదనుకోండి.

పైరేట్స్‌కి ఐదుకి నాలుగున్నర, టియానాకి మూడు. పైరేట్స్ దిగాక మనవరాలిని, తాళ్ళు కట్టిన బొమ్మలు గుర్తున్నాయా అని అడిగాను. "లేదవ్వా. కోళ్ళావిడ సూపర్, ఇంకోసారి వెళ్దామా?" అంది. వెళ్ళాం. చీర కట్టుకుని వెళ్ళేవాళ్ళు మాత్రం ముందు వరసలో కూర్చోకండి, కుచ్చిళ్ళు తడుస్తాయి.