కుబుసం ఊడదీస్తామనే ఆ షాపువాళ్ళ చేతికి మీ పాముని ఇవ్వకండి

డాలస్ చుట్టుపక్కల పాములు పెంచుకునే తెలుగువాళ్ళందరూ దయచేసి ఇది చదవండి. హైవే పక్కనున్న ఆ పెద్ద రెప్టైల్ షాపు గురించే రాస్తున్నాను. పేరు పెట్టను. మనలో చాలామంది మొదటి పాముని అక్కడే కొన్నాం కాబట్టి ఏ షాపో మీకు ఇట్టే తెలిసిపోతుంది. కుబుసం సరిగ్గా ఊడకపోతే తీసుకురండి, మేం చూసుకుంటాం అని కౌంటర్ మీద కాగితం అంటించారు కదా, దాన్ని నమ్మి వెళ్ళకండి. మా పాము శేషు కుడికన్ను దక్కుతుందో లేదో తెలియని పరిస్థితిలో కూర్చుని ఇది రాస్తున్నాను.

శేషు మా అమ్మాయి పెంచుకుంటున్న బాల్ పైథాన్, అంటే ఒక చిన్న రకం కొండచిలువ. ట్యాంకు, దీపం, తేమ చూపించే మీటరు, అన్నీ కలిపి కిట్‌గా ఆ షాపులోనే కొన్నాం. ఈ చలికి ఇంట్లో హీటర్ రాత్రీపగలూ ఆడుతూ గాలిని పొడిబారుస్తోంది. కుబుసం ముందు కనిపించేవన్నీ మామూలుగానే వచ్చాయి. పొట్ట గులాబీ రంగుకి తిరిగింది, ఒళ్ళు మసకబారింది, కళ్ళు నీలంగా మబ్బు పట్టి కొన్ని రోజులకి మళ్ళీ తేటపడ్డాయి. కానీ మూతి దగ్గర మొదలై, మేజోడు తిరగేసి లాగినట్టు ఒకే ముక్కగా రావలసిన కుబుసం ఈసారి ముక్కలు ముక్కలుగా వచ్చింది. తోక చివర చుట్టూ ఒక పట్టీ మిగిలింది. కుడికంటి మీద పాత పొర అలాగే ఉండిపోయింది.

పాములకి రెప్పలుండవు. కంటిని కాపాడేది ఆ పైనున్న పారదర్శకమైన పొలుసే, మనం ఐ క్యాప్ అంటాం కదా, అదే. కుబుసంతోపాటు పాతది ఊడిపోయి కింద కొత్తది బయటపడాలి. ఊడిన కుబుసం తలభాగాన్ని వెలుతురుకి పట్టి చూస్తే రెండు కళ్ళ చోటా రెండు గుండ్రటి పొరలు కనిపించాలి. మాకు ఒకటే కనిపించింది. అందుకే షాపుకి ఫోన్ చేశాం. తీసుకురండి, అయిదు నిమిషాల పని అన్నారు.

అక్కడ కౌంటర్ దగ్గర గడ్డం మనిషి ఉంటాడు, మీకు తెలుసు. నేను అతన్ని అడిగింది ఒక్కటే, ఒకసారి చూసి ఏం చేయాలో చెప్పమని. ముందు ఒక టాబ్లెట్ చేతికిచ్చి సంతకం పెట్టమన్నాడు, కస్టమర్ వివరాలకి అన్నాడు. నేను సంతకం పెడుతున్నంతలోనే శేషు తలని రెండు వేళ్ళ మధ్య నొక్కిపట్టి, డ్రాయర్లోంచి ట్వీజర్ తీశాడు. నీళ్ళు చల్లలేదు, తడిగుడ్డ పెట్టలేదు. "ఆగండి, లాగకండి" అని నేను అంటూనే ఉన్నాను. ట్వీజర్ మొన కంటి అంచులోకి దూర్చి ఒక్క లాగు లాగాడు. ఒంటిమీది కుబుసం ఎంత పలచగా ఉంటుందో మనకి తెలుసు. ట్వీజర్‌కి అంటుకుని వచ్చినది అలా లేదు, మందంగా, తడిగా ఉంది. ఆ కన్ను తడితడిగా మెరిసింది, అంచున సన్నటి ఎర్రగీత వచ్చింది. శేషు ఒక్కసారిగా ముడుచుకుని తలని చుట్టల మధ్య దాచేసుకున్నాడు. మా అమ్మాయి ఏడుస్తూ, నొప్పి పుడుతోంది కదా అని అడిగితే ఆ మనిషి నవ్వాడు. "పాముకి నొప్పేంటి, అది పాము" అన్నాడు పదకొండేళ్ళ పిల్ల మొహం మీద. ఆ నవ్వు నేను మర్చిపోలేను. బిల్లులో ఆ పనికి డబ్బు వేసి, మేం అడగని కుబుసం స్ప్రే సీసా కూడా కలిపాడు.

మర్నాడు పొద్దున్నే రెప్టైళ్ళు చూసే వెటర్నరీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తాం. పాత పొరతోపాటు కింది కొత్త పొర కూడా చిరిగిందట. ఆ పొర లేకపోతే కంటికి ఇంకే రక్షణా లేదు, ఎండిపోతుంది, ఇన్ఫెక్షన్ పడుతుంది. ఆయింట్‌మెంట్ ఇచ్చారు, ఇప్పుడప్పుడే ఏమీ చెప్పలేమన్నారు. నా కడుపు రగిలిపోయింది ఆ డాక్టర్ తర్వాత చెప్పిన మాటకి. అసలు ఆ కంటిని ముట్టుకోవలసిన అవసరమే లేదట. తేమ పెంచి ఊరుకుంటే చాలాసార్లు వచ్చే కుబుసంతో అదే పోతుందట. తొందరగా చూడాల్సింది తోకనట. అక్కడ మిగిలిన పట్టీ ఎండి బిగిస్తే రక్తం ఆడక తోక కొస చచ్చిపోతుంది. ఆ గడ్డం మనిషి తోకవైపు కన్నెత్తి చూడలేదు! డాక్టర్ గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, తడి టవల్‌లో పాకనిచ్చి, దాన్ని మెల్లగా వదిలించారు.

డాక్టర్ రాసిన కాగితం పట్టుకుని మా ఆయనా నేనూ మళ్ళీ షాపుకి వెళ్ళాం. మేనేజర్ ఆ కాగితం చదవనైనా లేదు. టాబ్లెట్ తిప్పి మా సంతకం చూపించాడు. కస్టమర్ వివరాలని చెప్పి పెట్టించుకున్నది నిజానికి పాముకి ఏం జరిగినా షాపుకి బాధ్యత లేదన్న ఒప్పందం. ఇలా మోసం చేసి సంతకం తీసుకోవడం ఏం వ్యాపారం?

ఇంకొకటి. ఇంటికొచ్చాక కొత్త డిజిటల్ మీటరు కొని ట్యాంకులో పెట్టాను. కిట్‌లో ఇచ్చిన ముల్లు మీటరు 60 శాతం చూపిస్తుంటే ఇది 35 చూపించింది. రోజూ ఆ 60 చూసుకునే అంతా బాగుందనుకున్నాం. బాల్ పైథాన్‌కి మామూలుగా 55 నుంచి 65, కుబుసం రోజుల్లో 70 దాకా ఉండాలని చెప్పి అమ్మింది వాళ్ళే, తప్పుడు మీటరు అంటగట్టిందీ వాళ్ళే. ఆ కిట్ కొన్నవాళ్ళు ఈ రాత్రే ఆ మీటరు తీసి పారేయండి.

కుబుసం సంగతి డాక్టర్ చెప్పింది క్లుప్తంగా రాస్తున్నాను. కళ్ళు నీలంగా మారగానే ఒక మూతున్న డబ్బాకి గుండ్రటి ద్వారం కోసి, పిండిన తడి స్ఫాగ్నం నాచు వేసి లోపల పెట్టండి, పాము తనంతట తానే వెళ్ళి పడుకుంటుంది. ఆ రోజుల్లో పట్టుకోకండి, తిండి పెట్టకండి, చూపు సరిగా ఆనక భయపడుతుంది. ఒరుసుకోవడానికి ఒక గరుకు కొమ్మ ఉండాలి. ముక్కలుగా ఊడితే 80 నుంచి 85 డిగ్రీల ఫారన్‌హీట్ నీళ్ళు, పాము తల హాయిగా పైకి ఉండేంత లోతులో, ఓ ఇరవై నిమిషాలు, పక్కనే కూర్చుని. మళ్ళీ మళ్ళీ అలాగే అవుతుంటే పొలుసుల సందుల్లో, కళ్ళ చుట్టూ నల్లటి చుక్కల్లాంటి పురుగులు, అవే మైట్స్, ఉన్నాయేమో చూడండి. కంటి జోలికి మాత్రం ట్వీజర్, టేపు, గోరు, ఏదీ వద్దు. అసోసియేషన్ ఆఫ్ రెప్టిలియన్ అండ్ యాంఫిబియన్ వెటర్నేరియన్స్ వెబ్‌సైట్‌లో మీ ఊరి దగ్గరి డాక్టర్లని వెతుక్కోవచ్చు.

ఇండియా నుంచి చదువుతున్న తమ్ముళ్ళూ, ఇది చూసి నాగుపామునో జెర్రిపోతునో పట్టి పెంచుదామనుకోకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం.

మేం ఫిర్యాదు పెడుతున్నాం. ఆ షాపులో మీ పాముకి కూడా ఇలా జరిగి ఉంటే, బిల్లు, ఫొటోలు దాచి నాకు మెసేజ్ పెట్టండి. టాబ్లెట్ మీద ఏం రాసుందో ఫొటో తీసినవాళ్ళు ఎవరైనా ఉంటే అది వెంటనే కావాలి.