పావు అంగుళం ఆకు కంపోస్ట్: ఎర్ర బంకమట్టి మీద మూడేళ్లు వాడాక

లాన్ మీద పెట్టిన ఖర్చులన్నిట్లో నాకు మనసారా నచ్చింది ఒక్కటే, ఆకు కంపోస్ట్, అంటే రాలిన ఆకులు మాగబెట్టి చేసిన ఎరువు. విత్తనం రకాలు, మొలకలకు మొదట్లో వేసే స్టార్టర్ ఎరువు, స్ప్రింక్లర్ టైమర్లు, వీటి గురించి కావలసినంత మంది రాశారు. విత్తనం చల్లిన రోజే పైన పల్చగా పరిచే ఆ నల్లటి పొర గురించి మాత్రం మొదటి ఏడాది నాకు చెప్పినవాళ్లు లేరు. చెప్పి ఉంటే ఒక ఏడాది కష్టం మిగిలేది.

మాది నార్త్ కరోలినా, రాలీకి ఉత్తరాన. 2021 వసంతంలో కొత్త ఇల్లు కొన్నాం. ముందూ వెనకా కలిపి గడ్డి జాగా సుమారు 3,000 చదరపు అడుగులు, ముందువైపు రోడ్డు దాకా వాలు. ఇక్కడి నేల సెసిల్ రకం, ఇటుక రంగు బంకమట్టి. అసలైతే దాని మీద కొన్ని అంగుళాలు మెత్తటి పైమట్టి ఉంటుంది. ఇళ్లు కట్టేటప్పుడు దాన్ని గీకేస్తారు, మిగిలిన బంకమట్టిని యంత్రాలు నెలల తరబడి తొక్కుతాయి, చివర్లో పైన గడ్డి పరిచి తాళాలు చేతికిస్తారు. మొదటి వేసవికే మా గడ్డి సగం ఎండిపోయింది.

ఆ సెప్టెంబర్‌లో టాల్ ఫెస్క్యూ అనే, చల్లటి కాలంలో పెరిగే గడ్డి విత్తనం తెచ్చి, రేక్‌తో గీరి చల్లాను. బంకమట్టిని గుల్ల చేస్తుందని దుకాణంలో చెబితే జిప్సం కూడా ఆరు బస్తాలు పోశాను. వారం తిరక్కుండా ఒక సాయంత్రం ఉరుముల వాన కురిసింది, పట్టుమని అరగంట. పొద్దున చూస్తే విత్తనమంతా రోడ్డు అంచున గోధుమ రంగు చారలా పేరుకుని ఉంది. కొంత వాననీటి కాలువలోకే పోయింది. నేలలోకి ఒక్క గింజా దిగలేదు, దిగడానికి సందే లేదు మరి.

2022 ఆగస్టులో మా నాన్న వచ్చారు. అనంతపురం జిల్లాలో నలభై ఏళ్లు వేరుశనగ పండించిన మనిషి. జెట్‌లాగ్ తీరకముందే ముందువైపు వాలులో గొంతుక్కూర్చుని ఒక గడ్డ పెకలించి చేత్తో నలిపారు. అది నలగలేదు. "ఇది మన్ను గాదు పాపా, ఇటుక" అన్నారు. జిప్సం సంగతి చెప్తే ఆయనకు నిజంగా బాధ కలిగింది. "జిప్సం చౌడుకి ఏస్తారు. మనం బుడ్డలకి ఊడలు దిగేటప్పుడు ఎకరానికి రెండు వందల కిలోలు ఏస్తాం, కాయ నిండాలని. ఇక్కడ చౌడు ఏది, బుడ్డలేవి?" బుడ్డలంటే మావైపు వేరుశనగ. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నేలలో సోడియం ఎక్కువై బిగుసుకుపోతే జిప్సం దాన్ని విడగొడుతుంది. మా నేల బిగుతుకు సోడియంతో సంబంధమే లేదు. తొక్కిడి ఒక కారణం, చివికిన పదార్థం లేకపోవడం ఇంకో కారణం.

ఆయన పోరు పెడితేనే మట్టి పరీక్ష చేయించాను. ఈ రాష్ట్ర వ్యవసాయ శాఖ ల్యాబ్‌లో ఏప్రిల్ నుంచి నవంబర్ వరకు అది ఉచితం. కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో చిన్న అట్టపెట్టెలు ఇస్తారు. పది చోట్ల నాలుగు అంగుళాల లోతు నుంచి మట్టి తీసి, కలిపి పంపాం. పీహెచ్ 5.1 వచ్చింది, అంటే నేల బాగా ఆమ్లంగా ఉంది. వెయ్యి చదరపు అడుగులకు 70 పౌండ్ల సున్నం వేయమన్నారు. ఒకేసారి 50 పౌండ్లకు మించకూడదు కాబట్టి రెండు విడతలుగా వేశాం.

ఇక సెప్టెంబర్ 17, శనివారం. ముందు రెండు రోజులు రాత్రిపూట నీళ్లు పెట్టి నేలను పదునుకి తెచ్చాం. నేలకు రంధ్రాలు పెట్టే ఏరేటర్ యంత్రం అద్దెకు తెచ్చి నిలువునా అడ్డంగా రెండుసార్లు తిప్పితే, చూపుడు వేలంత మట్టి కడ్డీలు వేలకొద్దీ పైకొచ్చి పడ్డాయి. వాటిని ఏరకుండా అలాగే వదిలేశాం. వెయ్యి అడుగులకు ఆరు పౌండ్ల చొప్పున విత్తనం. దాని మీద కంపోస్ట్. 3,000 అడుగులకు పావు అంగుళం మందం అంటే రెండున్నర క్యూబిక్ గజాలకు కాస్త తక్కువ పడుతుంది. ట్రక్కులో వాకిట్లో పోయించుకున్నాం. నేను పార చేత పట్టుకుంటే నాన్న వద్దన్నారు. బట్టలుతికే టబ్బులో నింపుకుని, చంకన పెట్టుకుని, ఊళ్లో మడికి ఎరువు చల్లినట్టే విసురుతూ నడిచారు. ఆయన వెనక నేను రేక్ తిరగేసి, కంపోస్ట్ రంధ్రాల్లోకి దిగేలా లాగుతూ పోయాను. ఎక్కడ చూసినా పాత గడ్డి కొనలు పైకి కనపడాలి, పూర్తిగా కప్పేస్తే ఎక్కువైనట్టు. మాకున్న కొలత అదొక్కటే.

ఎనిమిదో రోజు పొద్దున మొదటి మొలకలు వచ్చాయి. ముందు రంధ్రాల్లోంచి వచ్చాయి, ఒక్కో రంధ్రంలో ఐదారు సూదులు గుత్తిగా. పన్నెండో రోజుకి వాలంతా పచ్చటి పొగ పట్టినట్టుంది. పదమూడో రోజు, సెప్టెంబర్ 30న, ఇయాన్ తుఫాను మా మీదుగా వెళ్లింది. మధ్యాహ్నం నుంచి గాలి, వాన. కరెంటు పోయింది. కిటికీ దగ్గర నిలబడి వాలు వైపే చూస్తూ ఉండిపోయాను. అంతకుముందు ఏడాది అరగంట వానకే అంతా పోయింది, ఇది గంటల తరబడి కురుస్తోంది. నాకు టెన్షన్‌తో అన్నం దిగలేదు. నాన్న మాత్రం "నీళ్ల రంగు చూడు పాపా" అన్నారు. రోడ్డు పక్కన పారుతున్న నీళ్లలో పైనుంచి వచ్చేవి ఎర్రగా ఉన్నాయి. మా వాలు నుంచి దిగి వాటిలో కలిసేవి దాదాపు తేటగా ఉన్నాయి.

తెల్లారి ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని చూశాం. కప్పు నుంచి గొట్టం దిగే చోట అరచేతి వెడల్పున ఒక చాలు కోసుకుపోయింది. మిగతాదంతా నిలబడింది. మొలకలు నేలకు పడుకుని ఉన్నాయి కానీ వేరు కదల్లేదు. నాన్న ఒకదాన్ని గోటితో మెల్లగా లాగితే తెల్లటి వేరు కంపోస్ట్ పొరలోంచి సాగి కింది రంధ్రంలోకి పోయి ఉంది. దారప్పోగు లాంటి ఆ వేరుకి నల్లటి రేణువులు అంటుకుని ఉన్నాయి. కింద ఎర్రమట్టి తగిలిన చోట కొస కొద్దిగా వంగింది. ఆయన దాన్ని మళ్లీ అదే చోట గుచ్చి వేలితో అదిమారు. ఈ కంపోస్ట్‌కి నేను ఆ పొద్దున కట్టుబడిపోయాను.

ఘనత మొత్తం దానిదే అనడానికి మాత్రం మనసు ఒప్పుకోదు. ఇయాన్ ఒక వారం ముందే వచ్చి ఉంటే గింజలు మొలకెత్తి ఉండేవి కావు, కథ ఇంకోలా ఉండేదేమో. ఆ రంధ్రాలు లేకపోతే కంపోస్ట్ కూడా జారిపోయేది. మొదటి రెండు వారాలు రోజుకు మూడుసార్లు, ప్రతిసారీ కొద్దికొద్దిగా నీళ్లు పట్టడానికి ఇంట్లో మనిషి ఉన్నారు. నా ఆఫీసు పనితో నేనొక్కదాన్నే అయితే అది కుదిరేది కాదు. నవంబర్‌లో రాలిన ఆకులను మొలకలు తొక్కకుండా రోజూ తీసిందీ ఆయనే.

2023లో ప్రేమ ఎక్కువై వెనక కంచె పక్క నీడలో అంగుళం మందం పోశాను. ఎంత ఎక్కువైతే అంత మంచిది అనుకున్నాను. మరుసటి జూన్‌లో సరిగ్గా అక్కడే బ్రౌన్ ప్యాచ్ అనే బూజు తెగులు మొదలైంది. పళ్లెమంత గోధుమ రంగు వలయాలు, రెండు వారాల్లో ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. ఇక్కడి వేడి, తేమల్లో ఫెస్క్యూకి ఈ తెగులు ఎలాగూ వస్తుంది, కానీ రాత్రంతా తడి పట్టి ఉంచే మందపాటి పొర దానికి ఇంకా అనుకూలం. ఎండ తగిలే వాలులో పల్చగా వేసిన చోట అంత లేదు.

2024 లోడు ఇంకో పాఠం. అమ్మినవాళ్లు పూర్తిగా మాగిందనే చెప్పారు. ట్రక్కు దించగానే ఆవిరి, పుల్లటి వాసన, చెక్క ముక్కలు. ఆదివారానికి మనిషిని మాట్లాడుకున్నానని అలాగే వేశాను. మొలకలు వచ్చాయి కానీ మూడో వారానికి పసుపు తిరిగాయి. సగం చివికిన చెక్కని తినే సూక్ష్మజీవులు నేలలో నత్రజని తీసేసుకుంటాయి, మొలకకి మిగలదు. కొద్దిగా నత్రజని ఎరువు ఇస్తే పది రోజుల్లో కోలుకున్నాయి. ఇప్పుడైతే పిడికిట్లో నలిపి, వాసన చూసి, వానకు తడిసిన అడవి మట్టి వాసన వస్తేనే దించమంటాను.

ఇక నేల సంగతి. ఈ మధ్య వాలులో పారతో ఒక ముక్క కోసి చూశాను. పైన అంగుళం పైచిలుకు చాక్లెట్ రంగు, వేళ్లతో నలిపితే పొడి అవుతోంది. దాని కింద ఇంకా అదే ఇటుక. కానీ పాత ఏరేటర్ రంధ్రాల వెంబడి నల్లటి గీతలు లోపలికి దిగాయి, వేర్లు వాటి వెంటే పోతున్నాయి. ఒక గీతలో వానపాము కనపడింది. 2021లో ఎంత తవ్వినా ఒక్కటి కనపడలేదు. పీహెచ్ 6.1కి వచ్చింది, అది సున్నం చేసిన పని. భాస్వరం మాత్రం ఎక్కువైందని రిపోర్టులో ఉంది. ఏటా కంపోస్ట్ వేస్తూ, పైన భాస్వరమున్న స్టార్టర్ ఎరువు కూడా పోస్తే అంతే అవుతుంది. అందుకే ఇకపై స్టార్టర్ మానేశాను, కంపోస్ట్ కూడా ఏడాది విడిచి ఏడాది.

కంపోస్ట్ వేశాం కదా, ఇక విత్తనం అక్కర్లేదు అనుకోకండి. వేసవిలో ఫెస్క్యూ పల్చబడుతూనే ఉంటుంది, సెప్టెంబర్‌లో కొంతైనా చల్లాల్సిందే. డాలస్ దగ్గరున్న మా చెల్లెలు నన్ను చూసి సున్నం కొనబోతే ఆపాను. వాళ్లది మన నల్లరేగడి లాంటి నేల, సున్నం అందులోనే దండిగా ఉంది. గడ్డి కూడా వేడిలో పెరిగే బెర్ముడా, దాన్ని చల్లేది వసంతం చివర్లో. నా తేదీలు, లెక్కలు దానికి పనికిరావు.

చిన్న జాగా, వాలు, అణిగిన బంకమట్టి, రెండు వారాలు ఇంటిపట్టున ఉండే మనిషి. ఈ నాలుగూ ఉన్నవాళ్లకైతే నిక్షేపంగా వేయమంటాను. అరెకరం లాన్ ఉంటే పారతో, టబ్బుతో అయ్యే పని కాదు. కూలి ఖర్చు కంపోస్ట్ ధరను మించుతుంది, అప్పుడు ఏరేషన్, సున్నంతోనే మొదలుపెట్టడం మేలేమో. ఈసారి నాన్న రావడం లేదు. అందుకని ముందు వాలు వరకే, ఒక్క క్యూబిక్ గజం కంపోస్ట్ చెప్పాను.