ఏ విత్తనం మేలు: తెచ్చుకున్నదా, ఇక్కడే తీసిందా, కలిసి చేసుకున్నదా?

గోదావరికి వరదొచ్చి, చేలో నీళ్ళు తీశాక మా బాబాయి గట్టు మీద నిలబడి లెక్కలు వెయ్యడు. చేలోకి దిగి, ఒండ్రు పట్టిన ఒక దుబ్బు పీకి, మొదలు దగ్గర గోటితో చీల్చి చూస్తాడు. లోపలి మొవ్వు తెల్లగా, గట్టిగా ఉంటే చేను ఉంచుతాడు. మెత్తబడి వాసనొస్తే మళ్ళీ నారు కోసం ఊళ్ళు తిరగాల్సిందే.

ఆ మొవ్వు బతకడం వెనక చాలా దేశాల పరిశోధన ఉంది. పై దేశాల సంస్థలతో కలిసి చేసే వ్యవసాయ పరిశోధన వల్ల డెల్టా రైతుకి ఒరిగిందేంటి అని ఎవరైనా అడిగితే, నేను మూడు దారులు పక్కపక్కన పెట్టి చూస్తాను.

మొదటిది, తయారైన విత్తనాన్ని ఉన్నదున్నట్టు తెచ్చుకోవడం. ఐఆర్ 8 అనే వరి రకం అలాగే వచ్చింది. ఫిలిప్పీన్స్‌లో లాస్ బానోస్‌లో ఉన్న అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఇండోనేషియా వరి పేటాని, తైవాన్ పొట్టి వరితో కలిపి 1966లో దీన్ని విడుదల చేసింది. మన ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు గారు 1967లోనే వేసి చూపించారు. అంతకు ముందు ఎరువు కాస్త ఎక్కువైతే ఏపుగా పెరిగి పడిపోయే చేలే. ఇది పొట్టిగా నిలబడి గింజ పట్టింది. ఆ రోజుల్లో తిండికి ఉన్న కరువు తలుచుకుంటే ఆ మేలు చిన్నది కాదు. కానీ గింజ లావు, అన్నం చల్లారితే గట్టిపడేది, తెగుళ్ళకి తేలిగ్గా లొంగేది. మనవాళ్ళు తినడానికి ఇష్టపడే బియ్యం కాదది.

వరి దుబ్బు మొదల్లో రసం పీల్చే సుడిదోమ విషయంలో ఈ దారి ఇంకా బలహీనం. ఫిలిప్పీన్స్‌లో దోమని తట్టుకున్న రకాలు కొన్ని మన వైపు నిలబడలేదు. పేరుకి అదే పురుగు, కానీ అక్కడి దోమ వేరు, ఇక్కడి దోమ వేరు. ఆ దోమ తెచ్చే దోమపోటుకి విత్తనం ఎంచుకోవాలంటే ఇక్కడి దోమ మీద పరీక్షించినదాన్నే నేను నమ్ముతాను.

రెండోది, మన వరి పరిశోధన స్టేషన్‌లోనే కొత్త రకం తీసుకోవడం. ఆచంట నుంచి ఎంతో దూరం లేని మార్టేరు అందుకు సాక్ష్యం. వశిష్ఠ, మసూరి కలిపి అక్కడ తీసిన ఎంటీయూ 7029నే మనం స్వర్ణ అంటున్నాం. అది ఒడిశా, బెంగాల్ దాటి బంగ్లాదేశ్ దాకా పాకింది. పూర్తిగా మనదే అనుకుంటాం గానీ, దాని తల్లిదండ్రుల్లో ఒకటైన మసూరి కథ వేరు. 1950లలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పథకం కింద కటక్‌లో తైవాన్ వరినీ మలయా వరినీ కలిపారు. ఆ గింజలు మలయా వెళ్ళి, అక్కడ ఏరి నిలబెట్టాక 1965లో మసూరిగా విడుదలై, మళ్ళీ మన చేలకొచ్చాయి. ఇక్కడ తీసిన స్వర్ణలో కూడా మూడు దేశాల పాలుంది. అందుకే ఒంటరిగా అంతా మనమే చేసుకుందాం అనే మాట నాకు నచ్చదు.

మూడోది, మన రకాన్ని అలాగే ఉంచి, లేని గుణం ఒక్కటే బయటి నుంచి కలుపుకోవడం. స్వర్ణకి ముంపు పడదు. నీళ్ళలో మునిగితే ఆకు పైకి తేలాలని ఎగబాకి, ఉన్న బలమంతా ఖర్చు చేసుకుని చచ్చిపోతుంది. ఒడిశా నాటు వరి నుంచి ఎంపిక చేసిన ఎఫ్ఆర్ 13ఏ అలా కాదు. మునిగినన్నాళ్ళూ ఎదుగుదల ఆపి ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది, నీళ్ళు దిగాక మళ్ళీ చిగురిస్తుంది. ఆ గుణానికి మూలమైన సబ్-1ఏ జన్యువేదో ఫిలిప్పీన్స్ సంస్థ, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కలిసి 2006లో ప్రకటించారు. ఆ గుణాన్ని స్వర్ణలోకి తెచ్చి చేసిన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. మార్టేరు తల్లి, ఒడిశా రైతుల నాటు విత్తనం, ఫిలిప్పీన్స్ ప్రయోగశాల, మూడూ ఒక గింజలో చేరాయి. రెండు వారాల దాకా పూర్తిగా మునిగినా బతికే స్వర్ణ ఇది. నా ఓటు ఈ దారికే.

ఇందులోనూ తేడాలున్నాయి. బాబాయి చేతిలో రెండు రకాల వడ్లూ పోస్తే, ఒక గుప్పిట్లోని పాత స్వర్ణవి బంగారు రంగు, రెండో గుప్పిట్లోని స్వర్ణ సబ్-1వి ఎండుగడ్డి రంగు. "ఏరా అబ్బాయ్, ఇది స్వర్ణేనంటావా? రంగు చూస్తే బేరగాడు ఒప్పుకుంటాడా?" అన్నాడు. సబ్-1తో పాటు పొట్టు రంగు మారిందని చెప్పాను. అన్నం అదే, మొక్క అదే అన్నా, రంగు చూసి ధర చెప్పే బేరగాడి సంగతి ఆయనకి నాకంటే బాగా తెలుసు.

అంతకన్నా పెద్ద లోటు ఇంకోటుంది. సబ్-1 పనిచేసేది పిలకల దశలో మునిగి, తర్వాత నీళ్ళు దిగిపోయే వరదకి. మా డ్రెయిన్లు పూడిపోయి నడుం లోతు నీళ్ళు నెలలు నిలిచే పల్లానికి అది సరిపడదు, అక్కడ ఎదగకుండా ఆగిపోవడమే దానికి చేటు. అక్టోబరు, నవంబరు తుఫాన్లలో పండిన చేను పడిపోయి, కంకి మీదే గింజ మొలకెత్తే బాధకి కూడా అది మందు కాదు. కోతకొచ్చాక రెండు మూడు వారాలు మొలకెత్తకుండా నిద్రపోయే గింజ, గాలికి ఒరగని గట్టి మొక్క, ఇవి డెల్టా అడగాల్సిన ప్రశ్నలు. కలిసి పరిశోధన చేస్తామని ఏ సంస్థ వచ్చినా, ప్రశ్న మార్టేరు నుంచి, మా గట్ల మీద నుంచి వెళ్ళాలి. ప్రశ్న కూడా వాళ్ళే తెచ్చుకుంటే జవాబు ఇంకెవరి పొలానికో సరిపోతుంది.

ఈ సార్వాకి, అంటే ఖరీఫ్ పంటకి, బాబాయి కాలవ పక్కన, వరద తగిలి రెండు మూడు రోజుల్లో తీసే ఎకరంలో సబ్-1 ఊడుస్తానన్నాడు. మెరక చేలో పాత స్వర్ణే. నీళ్ళు నిలిచిపోయే పల్లపు ముక్క సంగతి అడిగితే, ముందు డ్రెయిన్ తవ్వమని మళ్ళీ అర్జీ పెడదాం, ఆ కాగితం నువ్వు రాయి అన్నాడు. రాస్తున్నాను.